మూడు గాజు ప్లేట్ల కోసం ఫిలింనగర్ ప్రయాణం

ఫిలింనగర్ వెళ్ళేవాళ్ళు హీరోల ఇళ్ళ గేట్లు చూడ్డానికో, ఎక్కడైనా షూటింగ్ కనబడుతుందేమోనన్న ఆశతోనో వెళ్తారు. నేను ఒక గెలాక్సీని తెచ్చుకోవడానికి వెళ్ళాను. తొంభైల మొదట్లో మాట ఇది. ఈ మధ్య మా మేనకోడలు స్నేహితురాళ్ళతో కలిసి జూబ్లీహిల్స్ వైపు ఒక రోజంతా తిరిగొస్తామని, ఎలా వెళ్ళాలో, ఎక్కడ తినాలో రాసిపెట్టమని అడిగింది. దారి రాయడం మొదలుపెట్టానో లేదో, ఎప్పుడో చల్లారిందనుకున్న కడుపుమంట మళ్ళీ రాజుకుంది. అందుకని దారితో పాటు అదీ రాస్తున్నాను. దారి మాత్రమే కావలసినవాళ్ళు మధ్యలో వదిలేసి చివరికి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను సికింద్రాబాదు అవతల ఒక చిన్న పరిశోధన కేంద్రంలో డాక్టరేట్ కోసం పనిచేస్తున్నాను. మా దూరదర్శినికి ఈ కాలపు కెమెరాలు లేవు, గాజు ప్లేట్లే. పలకంత గాజు, దానికి ఒకవైపు ఫోటో ఫిల్ముకి ఉండేలాంటి పూత. ఆకాశం వైపు గంటసేపు తెరిచి ఉంచి చీకటిగదిలో కడిగితే ఆకాశం తేటగా, నక్షత్రాలు నల్ల చుక్కలుగా వస్తాయి. నెగెటివ్ అన్నమాట. నక్షత్రాలన్నీ మన పాలపుంతలోవే, అవి సూదిమొనతో పెట్టినట్టు స్పష్టంగా పడతాయి. పాలపుంత అవతల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీలు మాత్రం మసక మరకల్లా ఉంటాయి. తెలియనివాళ్ళెవరైనా చూస్తే గాజు సరిగ్గా తుడవలేదనుకుంటారు.

ఆ మరకల్లో ఒకటి నాది. దానికి పేరు లేదు, పట్టికలో ఒక అంకె ఉంది, అంతే. కానీ ఒకే చలికాలంలో తీసిన మూడు ప్లేట్లలో ఆ మరక నడిబొడ్డు బాగా వెలిగి, కొన్ని వారాల్లోనే మళ్ళీ తగ్గింది. మిగతా ఏళ్ళ ప్లేట్లలో ఆ వెలుగు లేదు. వారాల్లో మారే వెలుగు, కాంతి వారాల్లో దాటగలిగినంత చిన్న చోటునుంచే రావాలి. లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న గెలాక్సీ మొత్తం ఒక్కసారి వెలిగి ఆరిపోలేదు కదా. అంటే దాని గుండెలో చాలా చిన్నది, చాలా ఆకలిగా ఉన్నది ఏదో ఉంది. చుట్టూ ఉన్నదాన్ని మింగేటప్పుడు వెలుగు రేపే కృష్ణబిలమే అయ్యుండాలని నా వాదన. నా పరిశోధనంతా ఆ మూడు ప్లేట్ల మీదే నిలబడి ఉంది. గడిచిపోయిన రాత్రిని మళ్ళీ ఫోటో తీయలేం కాబట్టి వాటికి బదులు ఇంకేవీ పనికిరావు. ప్లేట్ల వెనకవైపు, గాజు మీద, ఆ మరకని చూపిస్తూ నల్ల సిరాతో చిన్న బాణం గుర్తు పెట్టుకున్నాను. ఖగోళశాస్త్రంలో అందరం చేసే పనే అది.

ఆ వెలుగుకి కళ్ళతో చూసి వేసిన అంచనాలు నా పరిశోధనకి దారి చూపే మా గైడుగారు ఒప్పుకోలేదు. "కళ్ళని నమ్ముకుని సైన్స్ చెయ్యరమ్మా, యంత్రంతో కొలిపించు" అన్నారు. ఆ యంత్రం బెంగళూరులో ఉంది. వెళ్ళి, నాలుగు రోజులు గుమ్మాల ముందు నిలబడి, మరుసటి నెలలో కొలుచుకోవడానికి అనుమతి సంపాదించుకుని ఎగురుకుంటూ తిరిగొచ్చాను. బీరువా తెరిస్తే ఆ మూడు ప్లేట్ల చోటు ఖాళీగా ఉంది.

గైడుగారు కాఫీ తాగుతూ చాలా తేలిగ్గా చెప్పారు. "సినిమావాళ్ళకిచ్చానమ్మా. పౌరాణికం తీస్తున్నారట, నిజమైన ఆకాశం కావాలట. నిర్మాతగారు స్వయంగా వచ్చి అడిగారు. ముహూర్తానికి నన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. క్లాప్ కూడా నాచేతే కొట్టించారు."

"వందల ప్లేట్లుండగా ఆ మూడే ఎందుకిచ్చారు సార్?"

"బాణం గుర్తులున్నాయిగా. అన్నిట్లోకీ మంచివని నువ్వే ఏరి పెట్టావనుకున్నా" అన్నారు.

అడ్రసు రాయించుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

చేతిలో ఒక చెప్పుల పెట్టె, దాన్నిండా దూది. తిరిగొచ్చేటప్పుడు ప్లేట్లు పెట్టుకోవడానికి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఎనిమిదింటికి సిటీబస్సు ఎక్కితే బేగంపేట మీదుగా పంజాగుట్ట చేరేసరికి ముప్పావుగంట పట్టింది. టికెట్టు రెండు రూపాయలో ఎంతో. అక్కణ్ణుంచి బస్సులు తక్కువ, దిగినచోటునుంచి కొండెక్కి నడవాలి. పెట్టె పట్టుకుని నడవడం ఎందుకని ఆటో మాట్లాడుకున్నాను. శ్రీనగర్ కాలనీ పక్కనుంచి చెక్‌పోస్టు దాకా, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి ఫిలింనగర్‌కి. ఇప్పుడు ఈ దారంతా అద్దాల భవనాలే గానీ అప్పుడు సగం రాళ్ళు, సగం కొత్త ఇళ్ళు. ఏనుగంత బండరాళ్ళ మధ్య తెల్లగా మెరిసే మేడలు, వాటి పక్కన ఇసుక కుప్పలు, పేల్చిన రాళ్ళ ముక్కలు.

ఆటో నడిపే యాదగిరి షేక్‌పేట మనిషి. అద్దంలోంచి నన్నూ నా పెట్టెనీ చూసి అడిగాడు. "షూటింగ్ చూడనీకి వోతున్నవా అమ్మా?"

"కాదు, మా సామాను అక్కడుంది. తెచ్చుకోవాలి. గాజు సామాను."

"గాజుదా? అయితే గీడ వేరే ఆటో ఎక్కకున్రి, ఉరికిస్తరు. నేను బయటనే ఉంట. వచ్చేటప్పుడు జర మెల్లగ తీస్కపోత, ఫికర్ చెయ్యకున్రి." కాస్త దూరం పోయాక చెయ్యి బయటికి చాపి ఒక పెద్ద గేటు చూపించాడు. "గిదంత మా మ్యాకలు మేసిన జాగనే. గిప్పుడు గేటు కాడ నిలవడితె వాచ్‌మన్ ఎల్లగొడ్తడు."

ఆ మాట విన్నప్పుడు నాకు జాలి వేసింది. నాకోసం దాచుకోవలసిన జాలి అదని నాకింకా తెలియదు.

సినిమా ఆఫీసు ఫిలింనగర్ వాలులో ఒక మేడ కింద భాగం. గుమ్మం బయట పదిహేను జతల చెప్పులు. లోపల సాంబ్రాణి వాసన. పదకొండు దాటాక వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ సత్యంగారు గుంటూరు వైపు మనిషి, ఎంత మర్యాదంటే కోపం తెచ్చుకుందామన్నా చోటివ్వరు. కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పి, కాఫీ తెప్పించి, "మీ సారు ఎంత మంచివారండీ! అడగ్గానే ఇచ్చేశారు" అని మొదలుపెట్టారు. ఆయన వెనక గోడకి దేవుడి పటాల వరస. ఆ వరసలో చివర మా గైడుగారు. మెడలో బంతిపూల దండ, చేతిలో క్లాప్ బోర్డు, మొహంలో నేను నాలుగేళ్ళలో ఎప్పుడూ చూడని ఆనందం. ఆయన ఫోటో పక్కనే, గోడకి ఆనించి, నా ప్లేటు.

లేచి దగ్గరికెళ్ళాను. ప్లేటు మీద, పూత ఉన్న వైపు, పసుపు రాసి దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టారు. ఎండిపోయి అట్ట కట్టింది.

"ఇదేంటండీ?"

"పూజ కదండీ. కెమెరాకి పెడతాం, స్క్రిప్టుకి పెడతాం, రీలు డబ్బాకి పెడతాం. ఆకాశం లేనిదే మా సినిమా లేదు, దానికి పెట్టకపోతే ఎలా? వెనక బాణం గుర్తు కూడా ఉంది కదా, అక్కడేదో ముఖ్యమైంది ఉందని సరిగ్గా దాని మొన దగ్గరే పెట్టించాను" అన్నారు సత్యంగారు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో ఆ బాణాన్ని కాస్తో కూస్తో అర్థం చేసుకున్నది ఆయనొక్కరే.

నా మొహం చూసి ఏదో తప్పు జరిగిందని ఆయనకి తెలిసింది. "అయ్యో, దానికేముందండీ" అంటూ నేను చెయ్యి చాపేలోగా బొటనవేలు తడి చేసి బొట్టుని గట్టిగా రుద్దారు. కుంకుమతో పాటు పూత కూడా పొరలా లేచి వచ్చేసింది. అక్కడ ఒట్టి గాజు మిగిలింది. దాని మీద సత్యంగారి బొటనవేలు, ఎర్రగా.

"పోయిందండీ, శుభ్రంగా పోయింది" అన్నారాయన సంతోషంగా.

నాకు అరవాలనిపించింది. అరవలేదు. ఎందుకంటే ఇంకా రెండున్నాయి. ఒకదాంట్లో వెలుగు పూర్తిగా ఉంది, ఇంకోదాంట్లో తగ్గింది. ఆ రెండూ ఉన్నా నా వాదన నిలబడుతుంది. మిగతావి ఎక్కడని అడిగితే, కృష్ణానగర్‌లో ఫోటోల మీద మచ్చలు దిద్దే భాస్కరరావుగారి దగ్గరికి టచప్‌కి వెళ్ళాయని చెప్పారు. "మద్రాసులో పెద్ద పేరండీ ఆయనకి. ఎంతమంది హీరోయిన్ల మొహాలు బాగుచేశారో!" అన్నారు. టచప్ అన్న మాట వినగానే లేచాను. బొట్టు పోయిన ప్లేటుని దూదిలో పెట్టుకుని బయటికొచ్చాను. యాదగిరి ఆటో చెట్టు నీడలో ఉంది.

కృష్ణానగర్ కొండ కింద. పైన ఒక్కొక్క ఇంటికి ఎకరం చోటుంటే, కింద ఒక్కొక్క గదికి నలుగురు మనుషులు. గోడల మీద డాన్సు క్లాసుల కాగితాలు, సందులో అద్దం ముందు మీసం దిద్దుకునే కుర్రాళ్ళు, మేకప్ సగం తుడుచుకుని పాలప్యాకెట్టు కొనుక్కునే అమ్మాయిలు. భాస్కరరావుగారి షాపుకి తాళం. భోజనానికెళ్ళారు, రెండు దాటాక వస్తారన్నారు. ఎదురుగా పాలకొల్లు నుంచి వచ్చిన ఒకావిడ నడిపే మెస్ ఉంది, కాంతమ్మగారని. పది రూపాయలకి కడుపు నిండా భోజనం. గోంగూర పప్పు, వంకాయ కూర, చారు, గడ్డపెరుగు. ఆ రోజు నాకు దేని రుచీ తెలియలేదు గానీ తర్వాతెప్పుడో మళ్ళీ వెళ్ళి తిన్నప్పుడు తెలిసింది, చాలా బాగా వండేవారు.

"వేషాల కోసం వచ్చావా అమ్మా?" అన్నారు కాంతమ్మగారు పప్పు వడ్డిస్తూ. కాదని, భాస్కరరావుగారి దగ్గర నా ఫోటోలున్నాయని చెప్పాను.

"అయితే నీకు బెంగే లేదు. మా అమ్మాయి పెళ్ళిచూపుల ఫోటో ఆయనే దిద్దాడు. చెంప మీద అమ్మవారి మచ్చలుండేవి, ఒక్కటి కూడా కనబడకుండా చేశాడు. ముందు తిను తల్లీ, చారు చల్లారిపోతే బాగోదు." ఆవిడ ధైర్యం చెప్పే కొద్దీ నాకు బెంగ ఎక్కువైంది.

రెండు దాటాక మేడమెట్లెక్కాను. ఒక్క గది. కింద దీపం వెలిగే గాజు బల్ల, దాని మీద నెగెటివులు, పక్కన సన్నగా చెక్కిన పెన్సిళ్ళు, సూదిలాంటి కత్తులు, సిరాబుడ్డి. భాస్కరరావుగారికి అరవై ఉంటాయి. పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వస్తుంటే దానితో పాటు వచ్చేశారు. ప్లేట్ల సంగతి చెప్పగానే మొహం విప్పారింది. "మీవేనామ్మా! రండి రండి, ఇప్పుడే పూర్తి చేశా. చూసి చెప్పండి" అంటూ రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి దీపం వేశారు.

ఎంత అందంగా ఉన్నాయంటే చెప్పలేను. నక్షత్రాలన్నీ నల్ల ముత్యాల్లా ఉన్నాయి. ఖాళీగా ఉన్న చోట్ల సిరాతో మరికొన్ని కలిపారు, తేడా తెలియకుండా. మసకగా ఉన్నది మాత్రం ఒక్కటి లేదు. గెలాక్సీలన్నిటినీ కత్తి మొనతో, గాజు మీద గీత కూడా పడకుండా గోకేశారు. నా వంక చూసి, "బూజు పట్టినట్టుందమ్మా పాపం, ఎన్నాళ్ళు దాచారో ఏమో. నెగెటివ్‌లో నలుపు తెర మీద తెలుపై కూర్చుంటుంది, దేవతల వెనక తెల్ల మరకలుంటే బాగోదు కదా. రెండు రోజులు పట్టింది" అన్నారు.

"అవి మరకలు కావండీ" అన్నాను. "అవి గెలాక్సీలు. ఒక్కొక్కదాంట్లో మన పాలపుంతలో ఉన్నన్ని నక్షత్రాలుంటాయి. బాణం గుర్తు పెట్టినదాని కోసం నాలుగేళ్ళు పనిచేశాను."

ఆయన కళ్ళజోడు తీశారు. ప్లేటు తిప్పి వెనక ఉన్న బాణం వంక చూశారు. తర్వాత అడిగారు. "మరి బాణం ఎందుకు పెట్టారమ్మా?"

"అదే చూడాలని గుర్తు."

"మా పనిలో తీసెయ్యాల్సిన దానికే పెడతారమ్మా. ఫోటోగ్రాఫరు నెగెటివ్ వెనక బాణం గీసి పంపితే అక్కడ మచ్చుంది, తీసెయ్యమని. ముప్పయ్యేళ్ళుగా అదే చేస్తున్నా. అందుకే అన్నిటికంటే ముందు దాన్నే తీశాను. మిగతా మరకలు దాన్ని చూసి తీసినవే."

ఆయన మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, ఒళ్ళంతా మండింది. ఆ కత్తులన్నీ సందులోకి విసిరెయ్యాలనిపించింది. కానీ ఇందులో ఆయన తప్పేముంది? ఆయన పని ఆయన శ్రద్ధగా చేశారు. అదే ఇంకా మంట.

నేను ప్లేట్లు సర్దుకుంటుంటే ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "ఎంత పెద్దదుండేదో, ఎంత నలుపో చెప్పండమ్మా. మళ్ళీ వేసిస్తా. ఎవ్వరూ కనిపెట్టలేరు."

ఆయన చెయ్యగలరని నాకు తెలుసు. నడిమి భాగం ఎంత వెలగాలో నేనే చెప్పి, ఎలా కావాలంటే అలా వేయించుకోవచ్చు. బెంగళూరు యంత్రం కూడా ఒప్పుకుంటుందేమో. ఆ ఆలోచన వచ్చినందుకే నాకు ఏడుపొచ్చింది. వద్దండీ అని చెప్పి మెట్లు దిగేశాను. ఆయన మెట్ల పైనే నిలబడి, "ఏమనుకోవద్దమ్మా" అని రెండుసార్లు అన్నారు.

తిరుగు ప్రయాణంలో యాదగిరి మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి గుంత దగ్గరా ఆటో ఆపి, ఒక్కొక్క చక్రమే దించుకుంటూ నడిపాడు. వెనకనుంచి హారన్లు కొడుతుంటే "గాజు సామాన్ ఉన్నది, కనవడ్తలేదా?" అని వాళ్ళమీద కేకలేశాడు. పెట్టెలో ఒట్టి గాజే ఉందని, పగిలినా పోయేదేమీ లేదని అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. పంజాగుట్టలో దిగాక తను అడిగింది తీసుకుని, "దొరికినయి గద, ఇంక నవ్వున్రి" అన్నాడు.

మర్నాడు ప్లేట్లు గైడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ దీపానికి ఎత్తి చూశారు. జరిగిందంతా, భాస్కరరావుగారు మళ్ళీ వేసిస్తానన్న మాటతో సహా చెప్పాను. నా కంటి అంచనాలున్నాయి కదా, వాటితో రాస్తానన్నాను. "కంటి అంచనాలా? ప్లేట్లే లేకుండా ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు. ప్లేట్లు లేకుండా చేసింది ఎవరో ఆయనకి గుర్తున్నట్టు లేదు. తర్వాత, నవ్వుతూనే, "ఆయన వేసిస్తానన్నప్పుడు వేయించుకు రావలసింది" అన్నారు. సరదాకే అన్నారేమో. ఆ నవ్వుని మాత్రం నేను ఈనాటికీ క్షమించలేదు. "నక్షత్రాలు మిగిలాయిగా, వాటి మీద చెయ్యి" అని సలహా ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

అలాగే చేశాను. ఇంకే దారి ఉంది? బీరువాలోని మిగతా ప్లేట్లు ముందేసుకుని మన పాలపుంత నక్షత్రాల మీద డాక్టరేట్ తెచ్చుకున్నాను. నా ఉద్యోగమంతా వాటి మీదే గడిచింది. పాలపుంత దాటి మళ్ళీ వెళ్ళలేదు. సినిమా విడుదలైనప్పుడు వెళ్ళి చూశాను. పేర్లలో మా గైడుగారికి కృతజ్ఞతలు వేశారు. ఆకాశం కనబడినప్పుడు పక్క సీటావిడ "ఎంత బాగుందో" అంది. బాగుంది, కాదనను. కొన్నేళ్ళ తర్వాత మా లైబ్రరీకి వచ్చిన ఒక విదేశీ పత్రికలో నా గెలాక్సీ అంకె కనబడింది. దాని నడిబొడ్డు వారాల్లో వెలిగి తగ్గుతోందని, లోపల కృష్ణబిలం ఉండాలని, అంతకుముందు ఎప్పుడైనా అలా వెలిగిందేమోనని పాత ప్లేట్ల కోసం వెతికామని రాశారు. ఎక్కడా దాఖలా దొరకలేదట. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. దొరికి ఉంటే అక్కడ నా పేరుండేదన్న బాధ ఒకటి. ఆ గెలాక్సీ అప్పుడు వెలిగిందని ఇప్పుడు భూమ్మీద నేనొక్కదాన్నే చెప్పగలను, చెప్పినా చెల్లదు. ఆ బాధ ఇంకా పెద్దది.

ఇక దారి కోసం వచ్చినవాళ్ళకి. ఇప్పుడు మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగితే చాలు, ఫిలింనగర్‌కి ఆటోలు అక్కడే ఉంటాయి. ఎండెక్కకముందే పైన తిరిగి, మధ్యాహ్నం భోజనానికి కృష్ణానగర్ దిగండి, మెస్‌లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క సలహా మాత్రం నా నోటినుంచే వినండి. నకలు లేని వస్తువేదైనా ఆ వైపు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, దీన్ని తుడవొద్దు, దిద్దొద్దు, పూజ చెయ్యొద్దు అని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అంటించి ఇవ్వండి. బాణం గుర్తు మాత్రం పెట్టకండి.